కోసిన కమ్మీ

ఫిబ్రవరి 3, 2025

ఎరువుల షాపు వాళ్ళు ఇచ్చిన డైరీ. తోటకు మందు కొట్టిన రోజులు రాసుకోవడానికి పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ గోడ క్యాలెండరు మీద రాసేవాడిని. నెల మారగానే మా ఆవిడ గోదా ఆ కాగితం చించి అల్మరాలో పరిచేది. రాసిందంతా పోపు డబ్బాల కిందికి పోయేది.

ఈ రోజు తేనెమంచు పురుగుకు రెండో మందు. పిందె గోలీకాయంత అయింది. ఎనిమిదెకరాల్లో మూడెకరాలే కొట్టగలిగాం.

కారణం కొత్త చిన్న ట్రాక్టరు వెనకున్న కమ్మీ. నంద్యాల షోరూములో కొనేటప్పుడు దాన్ని పట్టించుకోలేదు. సీటు వెనకనుంచి రెండు ఇనప స్తంభాలు లేచి పైన గుమ్మంలా కలుస్తాయి. బండి తిరగబడితే డ్రైవరు నలిగిపోకుండా కాపాడుతుందట. బండి చూస్తే నా ఛాతీ ఎత్తు. కమ్మీ ఎనిమిదడుగులు. కాపు మీదున్న బంగినపల్లి కొమ్మ ఆరడుగులకే వంగుతుంది. డ్రైవరు తల వంచుకుంటాడు. కమ్మీ వంచుకోదు. పోయిన దారంతా పిందెలు రాలాయి. ఒక కొమ్మ చీలింది.

మద్దయ్య మీద అరిచాను. రెండేళ్ళుగా నా దగ్గర డ్రైవరు. కొండ కింది చెంచుగూడెం వాడిది.

"పారువేట పండక్కి అహోబిలం గుళ్ళో మీ సామి మా ఊర్లు తిరుగుతాండాడు సామీ. మా చెంచు ఆడబిడ్డను చేసుకున్నోడు. ఆ వరసన మీరు మాకు అల్లుని పక్కోళ్ళు. అల్లుని పక్కోళ్ళు ఇట్లా అరవకూడదు" అన్నాడు.

మందు గన్ను పట్టుకునే రంగయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 5

కమ్మీకి మధ్యలో మడత ఉంది. రెండు పిన్నులు లాగితే వెనక్కి వాలుతుంది. వాలితే మందు ట్యాంకు మీద పడుతుంది. మూత తీయడానికి రాదు, నీళ్ళు నింపడానికి రాదు. షోరూముకు ఫోన్ చేశాను. ట్యాంకు స్టాండు అరడుగు వెనక్కి జరపాలట. బండిని నంద్యాల తీసుకొస్తే వారంలో చేసిస్తారట.

వారం ఆగితే పిందెనంతా పురుగు తినేస్తుంది.

ఫిబ్రవరి 7

ఆళ్ళగడ్డ బస్టాండు వెనక వెల్డింగ్ షాపు ఇమ్మానుయేలుకు ఫోన్ చేశాను.

"బోల్టులిప్పితే మడ్‌గార్డులు గూడా ఊగుతాయి సామీ. సీటు ఎత్తు కాడ గ్యాసుతో కోసేస్తా. మళ్ళా కావాలంటే అతికిస్తా, గంట పని" అన్నాడు.

కోసెయ్ అన్నాను.

నాకు గుళ్ళో చామర సేవ వంతు ఉంది. బండిని మద్దయ్య ఒక్కడే తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. బండి గుండు చేయించుకున్న మనిషిలా ఉంది. కోసిన కమ్మీని తాడుతో బానెట్ మీద కట్టుకొచ్చాడు.

"ఈ వంపు నాకియ్యండి సామీ. మా ఇంటిది ఈశ్వరి బీరతీగ పెట్టుకుంటా అంటాంది. పందిరి గుంజలు చెదలు పట్టినాయి."

తీసుకుపో అన్నాను. నాకు దానితో పని లేదు.

ఫిబ్రవరి 8

మిగిలిన ఐదెకరాలూ అయిపోయాయి. కొమ్మకు ఏదీ తగల్లేదు.

కమ్మీ లేదు కాబట్టి బెల్టయినా ఉండాలి. ఇది నేనే ఆలోచించాను. సీటుకు బెల్టు ఉంది, ఎవరూ వాడరు. దాని ప్లాస్టిక్ కవరు నేనే చించి మద్దయ్యను పెట్టుకోమన్నాను.

"ఇదెందుకు సామీ? కట్ట మీద బండి ఒరిగితే దుంకాల గదా. ఇది కట్టుకుంటే యాడ దుంకుతాం?"

"కార్లో కట్టుకుంటారా లేదా?"

"కారుకు పైన కప్పుంటాది సామీ."

"నువ్వు నాకు చెప్పేంతవాడివయ్యావా? పెట్టుకుంటే బండెక్కు. లేదంటే దిగు."

పెట్టుకున్నాడు. గోదా నంద్యాలలో వాళ్ళక్క వసుధ ఇంట్లో ఉంది. ఫోన్లో ఫొటో తీసి పంపాను. కమ్మీ లేని బండి మీద బెల్టు కట్టుకుని స్టీరింగ్ పట్టుకుని మద్దయ్య నిటారుగా కూచున్నాడు. 'పెళ్ళికొడుకును కట్టేసినట్టు ఉంది' అని గోదా తిరిగి రాసింది.

ఫిబ్రవరి 21

మూడో మందు. ఎనిమిదెకరాలూ ఒక్క రోజులో. బెల్టు పెట్టుకున్నాడు.

మార్చి 6

బెల్టు లేకుండా బండి నడుపుతున్నాడు. దించేశాను. ఈ రోజు కూలి లేదన్నాను. బూడిద తెగులు మందు కలిపింది కలిపినట్టే ఉండిపోయింది. నష్టం నాకే. అయినా సరే. మనిషికి ఒకసారి గట్టిగా చెబితే ఇక మరిచిపోడు.

మార్చి 7

పెట్టుకున్నాడు. అడక్కుండానే.

మార్చి 18

మద్దయ్య పోయాడు. పదకొండున్నరకు. కాలువ కట్ట దగ్గర.

మార్చి 19

బెల్టు పెట్టుకునే ఉన్నాడు. నా మాట విన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను.

మార్చి 20

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత ఎవరైనా అడిగితే తడబడకూడదు.

కట్ట ఎక్కి ట్యాంకులో కాలువ నీళ్ళు నింపుకున్నారు. నిండు ట్యాంకుతో కట్ట దిగుతున్నారు. రాత్రి ఎవరో కాలువకు గండి పెట్టి నీళ్ళు మళ్ళించుకున్నారు, కట్ట పక్కంతా నానిపోయింది. కుడి పెద్ద చక్రం దిగబడింది. బండి కుడివైపుకు ఒరిగి, ఒక్కసారిగా తిరగబడింది. నేను తోట గేటు దగ్గర ఉన్నాను. చప్పుడు విన్నాను. పరిగెత్తేసరికి నాలుగు చక్రాలూ పైకి ఉన్నాయి.

రంగయ్య వెనక నడుస్తూ వస్తున్నాడు. వాడే చూశాడు.

"బండి ఒరగతానే దుంకేదానికి లేసినాడు సామీ. ఎడమ కాలు బయట పెట్టినాడు. నడుం కాడ పట్టేసినాది. మళ్ళీ కూలబడినాడు. అంతలోనే మీదికొచ్చేసినాది."

రంగయ్య ఈ మాట మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి వద్దన్నాను.

జేసీబీ వచ్చేసరికి గంట పట్టింది. ఆళ్ళగడ్డ పెద్దాసుపత్రిలో పోస్టుమార్టం. ఎస్సై బండి చుట్టూ తిరిగి, సీటు వెనక కోసిన రెండు మొండేలను బూటుతో తట్టాడు.

"యదునందన్ స్వామీ, దీని వెనక కమ్మీ ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న కానిస్టేబుల్ అన్నాడు: "డ్రైవర్లు కోసి ఇనుము కింద అమ్ముకుంటాండారు సార్. ఈ మధ్య బ్యాటరీలు గూడా పోతాండాయి."

ఎస్సై నా మొహం చూశాడు. నేను ఏమీ అనలేదు. అవునని కూడా అనలేదు.

"బెల్టు పెట్టుకోమని రోజూ చెప్పేవాణ్ణి సార్. కావాలంటే రంగయ్యను అడగండి" అన్నాను. ఎస్సై అది రాసుకున్నాడు. "అందరు యజమానులూ ఇట్లా చెప్పరు" అన్నాడు.

మార్చి 21

పొద్దున కాఫీ ఇస్తూ గోదా అడిగింది.

"ఆ ఫొటో తీసేసినారా?"

"ఏ ఫొటో?"

"సరే. నేనూ తీసేస్తాను" అంది.

మార్చి 28

గూడేనికి పోయాను. చిన్న దినం రోజు పోలేదు, అందుకని ఇప్పుడు. బియ్యం మూట తీసుకుపోయాను. నిజానికి కమ్మీ కోసం పోయాను. ఇమ్మానుయేలు అతికిస్తే గంట పని. కొత్త అతుకు కనబడకుండా పెయింటు వేయొచ్చు. నంద్యాల నుంచి ఇన్సూరెన్సు సర్వేయరు వస్తాడట, ఆలోపు అయిపోవాలి.

కమ్మీని ఇంటి ముందు పాతారు. రెండు కాళ్ళూ మూరెడు లోతు దిగి ఉన్నాయి. వాడే పాతి ఉంటాడు, అటూ ఇటూ రాళ్ళు దిమ్మెసతో కొట్టి ఉన్నాయి. బీరతీగ రెండు వైపులనుంచీ ఎక్కి పైన కలిసింది. పసుపు పూలు. చీకటి పడకముందే విచ్చుకున్నాయి.

ఈశ్వరి వాకిట్లో కూచుని ఉంది. పక్కన వాళ్ళ మరిది మహేంద్ర, వాడి ముగ్గురు పిల్లలు. బియ్యం మూట దింపాను. ఆమె మూట చూడలేదు. నా చూపు ఎక్కడుందో చూసింది.

"దీనికోసరం వచ్చినారా సామీ?"

"కాదమ్మా."

"మీరే గదా కోపిచ్చినారు. మీరే గదా తీసకపొమ్మంటిరి. ఇప్పుడు కావాల్నా?"

"వద్దు. ఉండనీ."

"తీగకు పూత పట్టింది. కాయలు దిగినంక తీసకపోండి" అంది.

మహేంద్ర మట్టిరోడ్డు దాకా నాతో వచ్చాడు. చెప్పులు లేవు వాడికి.

దారిలో అనిపించింది, ఆ కమ్మీ అక్కడే ఉండటం మంచిదని. ఎందుకు అనిపించిందో అప్పుడు ఆలోచించలేదు.

ఏప్రిల్ 1

నంద్యాల పోయాను. సర్వేయరు పేరు ప్రేమ్ సాగర్. నలభై ఏళ్ళుంటాయి. మాట మెత్తన. టీ తెప్పించాడు.

"దీంట్లో ఒకటే విషయం స్వామీ. కమ్మీ ఎవరు కోయించారు? మీరు కోయిస్తే మా వాళ్ళు తప్పుకుంటారు, ఆమెకు పరిహారం మీరే ఇచ్చుకోవాలి. పోలీసులు మీమీద కేసు కూడా కట్టొచ్చు. మీకు తెలియకుండా డ్రైవరు కోసుకుపోయుంటే మీకు సంబంధం లేదు."

"అప్పుడు ఆమెకు?"

"ఏమీ రాదు. తన చావు తానే తెచ్చుకున్నట్టు రాస్తాం."

టీ తాగాను. బండి కాగితాలన్నీ, షోరూము వాళ్ళిచ్చిన పుస్తకంతో సహా తీసి పెట్టుకోమన్నాడు. తొమ్మిదో తేదీ వస్తాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శిరివెళ్ళ దాటే దాకా నిద్రపోయాను. ఇన్ని రోజుల తర్వాత మంచి నిద్ర.

ఏప్రిల్ 2

కాగితాలు తీశాను. పుస్తకం అట్ట కూడా విప్పలేదు ఎవరూ. నాలుగు భాషల్లో ఉంది. తెలుగు భాగంలో పద్నాలుగో పేజీ. ట్రాక్టరు బొమ్మ, దానికింద రెండు వాక్యాలు. ఉన్నది ఉన్నట్టు:

'రక్షణ కమ్మీ నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పక ధరించాలి. రక్షణ కమ్మీ మడిచినప్పుడు గానీ తొలగించినప్పుడు గానీ సీటు బెల్టు ధరించరాదు.'

రెండో వాక్యం పక్కన ఎర్ర త్రికోణం ఉంది.

కారుకు పైన కప్పుంటాది సామీ.

ఏప్రిల్ 3

నిన్న రాసిన పేజీ చించేద్దామనుకున్నాను. దాని వెనక మందుల కొలతలు రాసి ఉన్నాయి.

ఇట్లాంటి పుస్తకాలు ఎవరూ చదవరు. షోరూము వాడు చెప్పాలి. వాడు చెప్పలేదు. నేను మంచికే చెప్పాను. మంచికి చెప్పానని ఊరంతా అంటున్నారు. నిన్న గుళ్ళో కూడా అన్నారు.

పుస్తకం దేవుడి గదిలో పై అరలో, పాత పంచాంగాల వెనక పెట్టాను. పోయిందని చెబుతాను.

ఏప్రిల్ 4

ఇమ్మానుయేలు ఫోన్ చేశాడు.

"సామీ, నన్ను పిలుస్తారా ఏంది?"

"పిలిస్తే జరిగింది చెప్పు."

"ఏం జరిగింది సామీ?"

"బండి ఎవరు తెచ్చారు నీ దగ్గరికి?"

వెనక గ్రైండరు చప్పుడు. "మద్దయ్యే గదా తెచ్చినాడు" అన్నాడు చివరికి.

"అదే చెప్పు."

అబద్ధం చెప్పమని నేను ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 9

ప్రేమ్ సాగర్ వచ్చాడు. బండి చూశాడు, మొండేలను ఫొటోలు తీశాడు. "కోసింది ఎక్కడుందో" అన్నాడు. నేను చెప్పలేదు. రంగయ్య గూడెం వైపు చూశాడు. ఒక్క చూపే. అది చాలింది.

కానిస్టేబుల్‌ను తోడు తీసుకుని గూడేనికి పోయాం. గూడెమంతా వచ్చి చుట్టూ నిలబడింది. ప్రేమ్ సాగర్ టేపు తీసి కమ్మీ కాళ్ళ మధ్య దూరం కొలిచాడు. బండి మొండేల కొలతకు సరిపోయింది.

"ఇది ఇక్కడికెట్లా వచ్చిందమ్మా?"

"సామే కోపిచ్చినాడు. ఆయప్ప అడిగితే తీసకపో అన్నాడు. బీరతీగకని తెచ్చి పాతినాడు" అంది ఈశ్వరి.

ప్రేమ్ సాగర్ నావైపు తిరిగాడు. "మీరు కోయించారా?"

"నేను కోయమనలేదు."

"ఇచ్చారా?"

"లేదు."

అంత సులువుగా వస్తుందనుకోలేదు.

రంగయ్యను అడిగాడు. "నేను గన్ను పట్టుకునే మనిషిని సార్. బండి సంగతి నాకు తెల్దు" అన్నాడు, తన కాలి బొటనవేలిని చూసుకుంటూ. ఇమ్మానుయేలుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "బండి తెచ్చింది మద్దయ్య సార్. కోసింది నేను."

"యజమాని చెప్పాడా?"

"ఆ పొద్దు నా షాపుకొచ్చింది మద్దయ్య ఒక్కడే సార్."

మహేంద్ర ముందుకొచ్చాడు. "మా అన్న దొంగ గాదు సార్. కొండలో తేనె తెస్తే గూడా సామి ఇంట్లో ఇచ్చి తింటాడు." కానిస్టేబుల్ వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు.

ఈశ్వరి అరుస్తుందనుకున్నాను. మట్టి తీసి పోస్తుందనుకున్నాను. పోసుంటే నాకు బాగుండేది. ఆమె నా కుడి చేతిని చూస్తోంది.

"పొద్దున్నే గుళ్ళో మా అల్లునికి చామరం వీచే చెయ్యి గదా సామీ అది."



కానిస్టేబుల్ గడ్డపార తెప్పించాడు. మద్దయ్య రాళ్ళు గట్టిగానే దిమ్మెస కొట్టాడు, చాలాసేపు పట్టింది. కమ్మీ ఊడొచ్చినప్పుడు తీగ కూడా వేళ్ళతో వచ్చింది. దానికి నాలుగు కాయలున్నాయి, కోతకొచ్చినవి. కానిస్టేబుల్ వాటిని తెంపి ఈశ్వరి ముందు చాపాడు. ఆమె తీసుకోలేదు. సంచిలో వేసుకున్నాడు.

ఏప్రిల్ 10

ఇంకో మందు కొట్టాల్సింది. బండీ లేదు, డ్రైవరూ లేడు.

ఏప్రిల్ 26

స్టేషనుకు పిలిచారు. రాయాల్సిందంతా రాసేశారట, కమ్మీ నాదే కాబట్టి నాకే ఇచ్చేశారు. సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఆటోలో అడ్డంగా పట్టలేదు, నిలువుగా పట్టుకుని కూచున్నాను.

ఆళ్ళగడ్డ బజారులో ఇద్దరు పలకరించారు. "దొరికిందా స్వామీ? ఈ కాలంలో పనోళ్ళను నమ్మేకి ల్యా" అన్నారు. "దొరికింది" అన్నాను.

మే 7

కాయ కోత. వంద కాయకు తొంభై మచ్చలేనివి. బనగానపల్లె నుంచి వచ్చిన వ్యాపారి తోట చూసి, "కొమ్మకు దెబ్బ తగలకుండా చేసినారు స్వామీ" అన్నాడు.

మధ్యాహ్నం ఈశ్వరి గేటు దగ్గరికి వచ్చింది. కోతకు వచ్చిన ఆడవాళ్ళు ఆమెను చూసి గుసగుసలాడారు. 'కమ్మీ ఈశ్వరి' అంటున్నారు ఆమెను, నేను ఇప్పుడే విన్నాను. పనికి వచ్చిందనుకున్నాను. పనికి కాదు.

"ఒకటి అడిగి పోతా సామీ. దుంకేకి చూసినాడా ఆయప్ప? రంగయ్య నాకు చెప్పకుండా తప్పించుకుంటాండాడు."

"లేదమ్మా. అంత టైము లేదు. తెలియకుండానే పోయాడు."

తల ఊపింది. ముక్కు చీదుకుంది.

"నువ్వు మా ఇంటి మీద దొంగ పేరు పెట్టినావు. అది నిన్ను ఇడిసిపెట్టదు. కానీ బెల్టు మాత్రం పెట్టుకోమని రోజూ చెప్తాంటివంట. కూలి గూడా పట్టుకుంటివంట పెట్టుకోలేదని. ఆయప్ప ఇంటికొచ్చి తిట్టుకున్నాడు, నేనే చెప్పినా, నీ మంచికే గదా, పెట్టుకో అని. ఆ ఒక్కటి నిజం. అది కాదనను."

పై అరలో పుస్తకం గుర్తొచ్చింది. ఎర్ర త్రికోణం.

"అవును. రోజూ చెప్పేవాణ్ణి" అన్నాను.

మాట ఆగగానే వెళ్ళిపోయింది. కాయలు ఇవ్వాలని బుట్ట తెప్పించేలోపే రోడ్డెక్కింది.

మే 8

నేనే చెప్పినా, పెట్టుకో అని.

ఆమె కూడా చెప్పింది. అంటే నేనొక్కణ్ణే కాదు.

జూలై 15

బండి రిపేరై నంద్యాల నుంచి వచ్చింది. కొత్త బానెట్, కొత్త స్టీరింగ్. బెల్టు పాతదే, కడిగి పెట్టారు. తెచ్చుకునే ముందు షోరూములో మెకానిక్ అడిగాడు.

"కమ్మీ ఉంది గదా సార్ మీ కాడ? తెస్తే అతికిచ్చి, ట్యాంకు స్టాండు గూడా జరిపి పంపుతా. మడుచుకోవచ్చు."

"వద్దు" అన్నాను.

ఇప్పుడు అతికిస్తే, అప్పుడెందుకు అతికించలేదని అడుగుతారు. డ్రైవరు కోసుకుపోతే నెల రోజులు నీకు కనబడలేదా అంటారు. కొమ్మలకు తగులుతుందన్నాను మెకానిక్‌తో. అదీ నిజమే.

ఆగస్టు 2

కమ్మీ పశువుల కొట్టం పక్కన తుప్పు పడుతోంది. గోదా మాలి చేత పెరట్లో పాతించి మల్లెతీగ ఎక్కించింది. నన్ను అడగలేదు.

నవంబరు 20

మహేంద్ర వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు.

"పని ఉందా సామీ? బండి వస్తాది నాకు. అన్న నేర్పినాడు."

"మీ వదిన ఏమంది?"

"వొద్దనింది. మళ్ళా ఆమే పోతే పో అనింది. ముగ్గురు పిల్లకాయలు సామీ. దొంగల ఇల్లని ఎవురూ పనికి పిలిచేది ల్యా. అహోబిలం కాడ అడిగినా, ఆళ్ళగడ్డలో అడిగినా. ఆ పేరు పెట్టింది మీరు. మీరే పిలిస్తే ఆ పేరు పోతాది."

బాగానే ఆలోచించాడు. నేను పిలిస్తే పేరు పోతుంది. వాళ్ళదీ, నాదీ.

రమ్మన్నాను. సాయంత్రానికే ఊరంతా తెలిసింది. యదునందన్ స్వామి మనసు పెద్దదని గుళ్ళో ఇద్దరు అన్నారు. గోదా విని లోపలికి పోయింది.

జనవరి 19, 2026

షాపు వాళ్ళు ఈ ఏడాది డైరీ ఇవ్వలేదు. పాతదాంట్లోనే ఖాళీ పేజీల్లో రాస్తున్నాను.

పూత మొదలైంది. మొదటి మందు. మహేంద్ర నెమ్మదిగా నడుపుతాడు. కట్ట మీద ఇంకా నెమ్మది. బెల్టు పెట్టుకోవడం లేదు. బెల్టు సంగతి నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు.

మంచిదే. ఎత్తకపోతే ఏ గొడవా లేదు.

ఫిబ్రవరి 10

రెండో మందు. పొద్దున తోటకు పోయేసరికి మహేంద్ర బండి మీద కూచుని బెల్టు కట్టుకుంటున్నాడు. బకిల్‌లో దుమ్ము పట్టి పడటం లేదు. నోటితో ఊది మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఏందది?" అన్నాను.

"నిన్న వదిన అడిగింది సామీ, బెల్టు పెట్టుకుంటాండావా లేదా అని. లేదంటే కొట్టేకి వచ్చింది. మీ అన్నకు సామి రోజూ చెప్తాండె, నీకు ల్యా బుద్ధి అని. పిల్లకాయల మీద ఒట్టేపిచ్చుకుంది."

రంగయ్య గన్ను పైపు చుట్టలు విప్పుతూ ఆగాడు. నన్ను చూశాడు. వాడికి తెలుసు. పుస్తకం చదవకుండానే వాడికి తెలుసు, కళ్ళారా చూశాడు. నేను చెబుతానని చూస్తున్నాడు. నేను చెబితే వాడు చెప్పక్కర్లేదు.

తీసెయ్ అని ఒక్క మాట. తీసెయ్ అంటే, మహేంద్ర ఎందుకు సామీ అంటాడు. అన్నకు పెట్టుకోమంటిరి గదా అంటాడు. ఇంటికి పోయి ఈశ్వరికి చెబుతాడు. ఈశ్వరి ఆలోచిస్తుంది. ఆమెకు అసలు సంగతి తెలిసిపోతుంది.

బకిల్ టక్కుమని పడింది.

"సరిపోయిందా సామీ?" అన్నాడు మహేంద్ర.

"సరిపోయింది. పద" అన్నాను.

నిండు ట్యాంకుతో కట్ట దిగాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదెకరాలూ ఒక్క రోజులో అయిపోయాయి. కొమ్మకు ఏదీ తగల్లేదు. ఒక్క పిందె రాలలేదు.